నల్లాకు సీడం, నందివాడ నేల



పుస్తకాల గురించి, పద్యాల గురించి రాసుకునే ఈ పుటలో మొక్కల ప్రసక్తి ఏమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. ఉద్యానశాస్త్రంలో నాకు పాండిత్యం లేదు. ఉన్నదల్లా నందివాడలో తాతల నాటి ఇల్లు, దాని వెనుక ఒక చిన్న పెరడు, ఆ పెరట్లో మూడుసార్లు మరణించిన ఒక మొక్క, ఆ మరణానికి కారణం నాకంటే ముందుగా గ్రహించిన మా అమ్మ. ఈ నాలుగింటి ఆధారంగా నాకు కలిగిన ఒక అభిప్రాయాన్ని మీ ముందు ఉంచుతున్నాను. టపా కొంచెం దీర్ఘమైనది. ఓపిక పట్టగలరు.

ఆ మొక్క పేరు సీడం. దానిని నేను మొదట చూసినది మన దేశంలో కాదు. కొన్నేళ్ల క్రితం న్యూజెర్సీలో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, వాకిలి పక్క రాళ్ల మధ్య వంకాయ రంగు ఆకులతో, దళసరి కాడలతో ఒక గుబురు కనిపించింది. పైన గులాబి రంగు పూలగుత్తులు, వాటి నిండా తేనెటీగలు. 'పర్పుల్ ఎంపరర్' అనే రకమని చెప్పింది. శీతకాలంలో పై కాడలన్నీ ఎండిపోతాయనీ, వేరు మాత్రం మంచు కింద నిద్రపోయి వసంతంలో మళ్లీ చిగురిస్తుందనీ, తాను దానికి చేసే సేవ ఏమీ లేదనీ చెప్పింది. సేవ అక్కరలేని అందం ఎవరిని ఆకర్షించదు? తిరిగి వచ్చేటప్పుడు నా మనస్సులో ఆ నల్లాకు నాటుకున్నది. నేలలో నాటుకోవడమే మిగిలింది. అదే జరగలేదు.

సీడం అనే పేరు లాటిన్‌లో 'కూర్చొనుట' అనే అర్థం గల మాట నుంచి వచ్చిందని అంటారు. రాతి మీద కూర్చుండే మొక్క అన్నమాట. లిన్నేయస్ 1753లో వెలువరించిన గ్రంథంలోనే ఈ ప్రజాతి ఉన్నది. పొడవుగా పెరిగి పూలగుత్తులు పెట్టే రకాలను 1977లో జపాను వృక్షశాస్త్రజ్ఞుడు హిడెయాకి ఓబా 'హైలోటెలిఫియం' అనే వేరే ప్రజాతిలో చేర్చాడు. తోటమాలులు మాత్రం ఇప్పటికీ వాటిని సీడం అనే పిలుస్తున్నారు. 'పర్పుల్ ఎంపరర్', 'మాట్రోనా', 'వేరా జేమ్సన్', 'బెర్ట్రాం ఆండర్సన్' వంటి నల్లాకు రకాలు చలిదేశాల తోటల్లో రూపుదిద్దుకున్నవి. నేల మీద పాకే రకాల్లో 'డ్రాగన్స్ బ్లడ్' ప్రసిద్ధం.

ఆకులకు ఆ నలుపునిచ్చేది ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యం. నేరేడుపండుకు, వంకాయ తొక్కకు, మన కృష్ణతులసి ఆకుకు రంగునిచ్చేది కూడా ఆ కుటుంబపు ద్రవ్యమే. (ఎర్ర తోటకూర రంగు మాత్రం వేరు. అది బీటలైన్ అనే మరొక ద్రవ్యం వల్ల వచ్చినది.) నిండు వెలుతురులో ఉన్న సీడం నల్లబడుతుంది. నీడలో పెట్టితే ఆకుపచ్చగా మారి, కాడలు సాగి, ఒరిగిపోతుంది. ఎరువు ఎక్కువైనా అంతే. బీదతనంలోనే దాని సౌందర్యమంతా ఉన్నది.

ఇక్కడ చిన్న పిట్టకథ. సీడం మనకు పరాయిది కావచ్చును గాని, దాని దాయాది మన పెరళ్లలో ఎప్పటినుంచో ఉన్నది. అదే రణపాల. రెండూ క్రాసులేసి కుటుంబానికి చెందినవే. రణపాల ఆకును పుస్తకంలో దాచి, అంచుల వెంట పిల్లమొక్కలు రావడం చూసి మురిసిపోని బాల్యం మన ప్రాంతంలో తక్కువ. ఈ మొక్కకూ మన తెలుగుదేశానికీ శాస్త్రచరిత్రలో ఒక బంధం ఉన్నది. ఈస్టిండియా కంపెనీ కాలంలో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ మొక్కలు పెంచుతూ పరిశోధన చేశాడు. 1793లో ఆయన కలకత్తా వెళ్లాక, ఆ తోట బాధ్యత బెంజమిన్ హెయిన్ అనే వైద్యుడు స్వీకరించాడు. ఆ హెయిన్ 1813లో లండనులోని లినియన్ సొసైటీకి చేరిన ఒక లేఖలో విచిత్రమైన సంగతి రాశాడు: రణపాల ఆకును తెల్లవారుజామున నమిలితే పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి చప్పబడుతుంది, సాయంకాలానికి కాస్త చేదెక్కుతుంది అని.

ఆ పులుపు వెనుక ఉన్న యంత్రాంగం తరువాతి శతాబ్దంలో తేటపడింది. మామూలు మొక్కలు పగటిపూట ఆకుల రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. ఆ రంధ్రాల గుండానే నీరు కూడా ఆవిరై పోతుంది. క్రాసులేసి మొక్కలు అలా కాదు. ఎండవేళ రంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకొని, పగలు సూర్యకాంతిలో వాడుకుంటాయి. తెల్లవారుజామున ఆకు పుల్లగా ఉండడానికి ఆ ఆమ్లమే కారణం. ఈ పద్ధతికి శాస్త్రజ్ఞులు ఆ కుటుంబం పేరే పెట్టారు. నీటిని ఇంత పొదుపుగా వాడే మొక్కకు నీరు పుష్కలంగా ఉండడమే ప్రమాదం. ఈ వాక్యం నాకు అర్థమయ్యేసరికి రెండు మొక్కలు పోయాయి.

ఇక స్వవిషయం. కడియపులంక నర్సరీల్లో ఈ దళసరి ఆకుల మొక్కలు విరివిగా దొరుకుతాయి. న్యూజెర్సీలో చూసిన పొడవాటి రకాలకు చలినిద్ర కావాలి. మన తీరప్రాంతంలో జనవరి రాత్రులు సైతం పదిహేను డిగ్రీల కిందికి దిగడం అరుదు. కనుక వాటి జోలికి పోకుండా, కంచురంగు ఆకుల సంకరజాతి ఒకటి తెచ్చుకున్నాను. దానిని గ్రాప్టోసీడం అంటారు. మెక్సికోకు చెందిన ఒక సీడాన్ని దాని దాయాది మొక్కతో కలిపి పుట్టించినది. వేడికి బాగా ఓర్చుకుంటుంది. 'నీరు అక్కరలేని మొక్క, ఎక్కడైనా బతుకుతుంది' అని కుండీ మీద చీటీ అంటించి ఉన్నది.

మొదటిది 2023 ఆషాఢంలో నేలలో నాటాను. మూడు వారాలకు కుళ్లిపోయింది. వానలను నిందించాను. రెండవది కార్తికం వెళ్లాక నాటాను. సంక్రాంతికి కళకళలాడింది. ఎండ తగిలి ఆకులు రాగిచెంబులా మెరిశాయి. ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఉదయం చూస్తే వాలిపోయి ఉన్నది.

"ఎండకు మాడిపోయిందమ్మా" అన్నాను.

అమ్మ దగ్గరికి వచ్చి, వంగి, మొదలు రెండు వేళ్లతో పట్టుకొని చూసింది. "ఎండకు మాడితే ఆకు ఎండుతుందిరా. ఇది మెత్తబడింది. నీళ్లకి పోయింది" అన్నది.

నేను నవ్వాను. వాన పడి నెలలు గడిచాయి. కాలువలు కట్టివేసి ఉన్నాయి. నేను పోసినది పది రోజులకొక చెంబు. నీరెక్కడిది? అమ్మ వాదించలేదు. పలుగు తెచ్చి ఇచ్చింది. మొక్క ఉన్నచోట మూరెడు లోతు తవ్వేసరికి మట్టి జిడ్డుగా తగిలింది. ఇంకొక జానెడు తవ్వి కాఫీ తాగి వచ్చేసరికి గోతి అడుగున నీరు ఊరి ఉన్నది. ఏప్రిల్ నెలలో!

మా నేల సంగతి ఇక్కడ చెప్పాలి. కృష్ణా డెల్టా దిగువన మాది నల్లని బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. రాయి అన్నదే కనబడదు. రోడ్డుకు కంకర కూడా బయటి నుంచి లారీల్లో రావలసిందే. రాతి మీద కూర్చునే మొక్కను రాయి లేని ఊళ్లో కూర్చోబెట్టబోయాను. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ బంకనేల వరికి పుట్టినిల్లయింది. నీరు నిలవడం వరికి వరం. అదే గుణం సీడానికి శాపం. మట్టి రేణువుల మధ్య ఖాళీలు నీటితో నిండితే వేరుకు గాలి అందదు. గాలి అందని వేరు నీరసిస్తుంది. నీరసించిన వేరును బూజుజాతి శిలీంధ్రాలు పట్టుకుంటాయి. పైకి చూస్తే మొక్క దాహంతో వాలినట్లే ఉంటుంది. మనం జాలిపడి మరొక చెంబు పోస్తాము. అక్కడితో సరి.

మూడవ ప్రయత్నంలో తెలివి తెచ్చుకున్నాను. దివిసీమలో అవనిగడ్డ వైపు మా బంధువులకు లంక పొలాలున్నాయి. లంకనేల ఇసుక కలిసిన ఒండ్రు. నీరు ఇట్టే ఇంకిపోతుంది. వారికి ఇచ్చిన కాడలు అక్కడ నేలలోనే, ఏ శ్రద్ధా లేకుండా, దుబ్బు కట్టాయి. బందరులో మేడ మీద ఉండే మరొక బంధువుకు ఇచ్చినవి కుండీలో ఉప్పుగాలికి ఓర్చుకొని బతికాయి. మా పెరట్లోనివి మాత్రమే చచ్చాయి. కనుక దోషం మొక్కది కాదు, ఎండది కాదు. ఇటుకలు పేర్చి మోకాలెత్తున ఒక మడి కట్టి, అడుగున పెంకుముక్కలు, పైన ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మట్టి నింపి, 2024 వేసవి చివర నాటాను. బాగా పట్టుకున్నది. సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వచ్చింది. ఆ వరద విజయవాడను ముంచిన సంగతి లోకమంతటికీ తెలుసు. ఆ నీరు కొల్లేటికి పోయే దారిలో నందివాడ మండలంలోని పల్లెలు కూడా మునిగాయని తెలిసినవారు తక్కువ. మా పెరటి మడి రోజుల తరబడి నీటి అడుగున ఉన్నది. మనుషులు క్షేమంగా ఉన్నప్పుడు మొక్క కోసం విలపించడం సభ్యత కాదు కనుక ఊరుకున్నాను.

ఇప్పుడున్నది నాలుగవది, కుండీలో. ఏడాది దాటి జీవించి ఉన్నది గనుక నాలుగు మాటలు చెప్పే సాహసం చేస్తున్నాను. మన తీరప్రాంతపు మిత్రులకు ఉపయోగపడవచ్చు.

కుండీ మట్టిదై ఉండాలి, ప్లాస్టిక్‌ది కాదు. కాల్చిన మట్టి గోడల గుండా తేమ బయటికి పోతుంది. అడుగున రంధ్రం వేలు పట్టేంత ఉండాలి. కుండీని నేల మీద కాక రెండు ఇటుకల మీద ఎత్తి ఉంచాలి. లేకుంటే రంధ్రం ఉన్నా లేనట్లే. లోపల మూడు పాళ్లలో ఒక పాలు మాత్రమే మట్టి. మిగిలినది గరుకు ఇసుక, చిన్న ఇటుకముక్కలు, కొంచెం బొగ్గు. మన నల్లమట్టిని అచ్చంగా వాడితే అది కుండీలోనూ తన స్వభావం మానదు. కాడ విరిచి నాటేటప్పుడు విరిచిన వెంటనే నాటరాదు. రెండు మూడు రోజులు నీడన ఉంచి, కోసిన చోటు ఎండి పొర కట్టాక నాటాలి. వేలు మట్టిలోకి గుచ్చి చూసి, లోపల కూడా పొడిగా ఉంటేనే నీరు పోయాలి. జ్యేష్ఠం నుంచి కార్తికం దాకా చూరు కింద ఉంచాలి. శీతకాలంలో రోజంతా ఎండ తగలనివ్వాలి. ఆకుకు నలుపు వచ్చేది అప్పుడే. రోహిణీకార్తెలో మాత్రం ఉదయపు ఎండ చాలు. ఆకుల సందుల్లో పిండినల్లి చేరితే తడిగుడ్డతో తుడిచివేయాలి. ఎరువు వేయకపోవడమే ఎరువు.

ఇంతటితో ఆపితే ఇది చక్కని తోటపని వ్యాసం అయ్యేది. కాని నా మనస్సు ఆ ఏప్రిల్ నెల గోతి దగ్గరే ఆగిపోయింది. వాన లేదు, కాలువ లేదు. ఆ నీరెక్కడిది?

మా పెరటి గోడ అవతల ఒకప్పుడు వరి పొలం. ఇప్పుడు చేపల చెరువు. మా ప్రాంతానికి కొత్తగా వచ్చేవారికి నేల కంటే నీరే ఎక్కువగా కనిపిస్తుంది. చెరువు అంటే నేలలో లోతుగా తవ్వినది మాత్రమే కాదు. తవ్విన మట్టితో చుట్టూ గట్లు పోసి, నేలమట్టానికి పైన కూడా నీరు నిలుపుతారు. గట్టు లోపలి నీరు మా పెరటి కంటే ఎత్తున ఉంటుంది. పల్లానికి పోవడం నీటి ధర్మం. గట్టు కింద నుంచి, మట్టి పొరల్లో నుంచి, రాత్రింబగళ్లు అది మెల్లగా ఊరుతూనే ఉంటుంది. కంటికి కనబడదు. చప్పుడు చేయదు. ఎండాకాలంలో కాలువలు కట్టినా చెరువు ఎండదు గనుక ఆ ఊటకు సెలవు లేదు. పూర్వం వేసవిలో ఈ నేల బీటలు వారేది, గాలి పీల్చేది. ఇప్పుడు దానికి ఆ విరామం లేదు.

అప్పుడు వరుసగా గుర్తుకు వచ్చాయి. మా బావి దగ్గరి మునగచెట్టు. నా చిన్నతనం నుంచి ఉన్నది, తిన్నంతమంది తిన్నది. చెరువు వచ్చిన రెండేళ్లకు ఆకు పసుపుబారి ఒరిగిపోయింది. గాలివాన అనుకున్నాము. తరువాత కరివేపాకు. ముసలిదై పోయిందనుకున్నాము. ఆ తరువాత బొప్పాయి. తెగులు అనుకున్నాము. మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు వెదికి తృప్తిపడ్డాము. మునగ, బొప్పాయి వంటివి వేళ్ల దగ్గర నీరు నిలిస్తే ఓర్వలేవని రైతుకు వేరే చెప్పనక్కరలేదు. అయినా పెరటి చెట్టు పోతే రైతు కూడా అంత ఆలోచించడు. అందరికంటే బలహీనమైన పరదేశి మొక్క ఒకటి వచ్చి, అందరికంటే త్వరగా చచ్చిపోయి, కారణాన్ని ఎత్తి చూపింది. సీడానికి నేను ఋణపడి ఉన్నది అందుకు.

ఈ విషయం మిత్రులతో చర్చించినప్పుడు రెండు విధాలైన సమాధానాలు వచ్చాయి. రెండూ నాకు సమ్మతం కావు.

మొదటిది: పరాయి మొక్కలు మనకెందుకు, మన మొక్కలు మనం పెంచుకుంటే చాలదా? వినడానికి ఇంపైన మాట. కాని రణపాల మడగాస్కరు నుంచి వచ్చినది. బంతి మెక్సికో నుంచి వచ్చినది. మిరప, బొప్పాయి అమెరికా ఖండాలవి. ఇవి లేని పెరడు మా వైపు ఉన్నదా? మొక్క ఎక్కడ పుట్టిందన్నది కాదు, నాటినచోట దాని వేరుకు కావలసినది దొరుకుతుందా అన్నది ప్రశ్న. ఆ దృష్టితో చూస్తే, ఈనాటి మా పెరట్లో మునగ కూడా పరదేశియే. దేశవాళీ మొక్కను పరాయిదాన్ని చేసినది మొక్క కాదు, మారిపోయిన నేల.

రెండవది: దీనికింత రాద్ధాంతమెందుకు, కుండీల్లో పెంచుకో. సీడానికైతే ఇది సరైన సలహాయే. పైన నేను చెప్పినదీ అదే. కాని మునగచెట్టును ఏ కుండీలో పెట్టను? పెరడంటే అలంకారం కాదు. పులుసులో ముక్క, పోపులో ఆకు, పండుగనాటి తోరణం, పసిపిల్లలు ఆడుకునే నీడ. ఇవన్నీ నేలలో వేరు పట్టి ఉండేవి. కుండీ ఇష్టపడి ఎంచుకుంటే కళ అవుతుంది. గత్యంతరం లేక ఎంచుకుంటే కాందిశీకుల శిబిరం అవుతుంది. మా వీధిలో ఇప్పుడు చాలా ఇళ్లలో మొక్కలు మేడ మీదికి ఎక్కాయి. చూసేవారు 'ఎంత అందంగా పెంచుకున్నారు' అంటారు. కింద నేల ఎందుకు ఖాళీగా ఉన్నదో అడిగేవారు లేరు.

చెరువులు వద్దని నేను అనడం లేదు. అనే అర్హత నాకు లేదు. గోడ అవతలి చెరువు చేసే పెద్దమనిషి వరసకు నాకు బాబాయి. ఒకనాటి సాయంకాలం గట్టు మీదికి వెళ్లి, గోతిలో నీటి సంగతి చెప్పాను. ఫిర్యాదుగా కాదు, సందేహంగా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"అబ్బాయ్, నేను చివరిదాకా వరే వేశాను. చుట్టూ మూడు పక్కలా చెరువులు తవ్వాక నా చేను మడుగయింది. కోతకి మిషను దిగబడిపోయేది. రెండేళ్లు నష్టపోయాక నేనూ తవ్వేశాను. నీ మొక్కకి వచ్చిన ఊటే నా వరికీ వచ్చింది" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నీటిలో నిలిచి బతికే వరికే ఆ నీరు ఎక్కువైనది! నేను నేరస్థుడిని వెదుకుతూ గట్టెక్కితే, అక్కడ నాకంటే ముందు మునిగినవాడు కనిపించాడు. ఎవరి ఇష్టంతోనూ నిమిత్తం లేకుండా ఒక చెరువు పక్క చేనును చెరువుగా మారుస్తుంది. ఆ చెరువు దాని పక్క పెరడును మడుగుగా మారుస్తుంది. వరుసలో చివర ఉన్నవారికి మార్చుకోవడానికి ఏమీ మిగలదు. నా సీడం ఆ చివరి స్థానంలో ఉన్నది. అంతే.

కనుక నా అభిప్రాయం ఇది. గట్టుకూ పక్కవారి నేలకూ నడుమ ఒక ఊటబోదె ఉండి తీరాలి. గట్టు నుంచి ఊరే నీరు పక్క నేలలోకి పోకముందే దానిలో చేరి, మురుగుకాలువకు వెళ్లిపోవాలి. ఇది కొత్త శాస్త్రమేమీ కాదు. కాలువ కట్టల వెంట, ఆనకట్టల దిగువన ఇటువంటి బోదెలు తవ్వడం ఇంజనీర్లకు తెలిసినదే. బోదెకు నాలుగైదు అడుగుల భూమి పోతుంది. కౌలు లెక్కల్లో ఆ నాలుగైదు అడుగులు ఎంత విలువైనవో నాకు తెలుసు. అందుకే అది ఒకరి మంచితనానికి వదిలివేయవలసిన విషయం కాదు. చెరువు తవ్వకానికి ముందే, ఇరువైపులా కూర్చొని, రాసుకోవలసిన నియమం. ఇల్లు కట్టేటప్పుడు చూరునీరు పొరుగింట పడకూడదని పెద్దలు సందు వదిలారు. చెరువుకూ చూరు ఉన్నది. అది నేల లోపల ఉన్నది గనుక మనం చూడలేదు.

బాబాయి ఒప్పుకున్నాడు. 2025 వేసవిలో గోడ వారగా, ఆయన వైపు సగం, మా వైపు సగం భూమి పోయేటట్లు ఒక బోదె తవ్వించాము. ఖర్చు చెరిసగం. దాని చివర వీధి మురుగుకాలువలో కలిపాము. పాత గోతిని పూడ్చకుండా ఉంచి అప్పుడప్పుడు చూస్తున్నాను. వేసవిలో మూరెడున్నర లోతున ఉండిన నీరు ఇప్పుడు రెండున్నర మూరలకు దిగింది. ఇది విజయమని చెప్పను. వానకాలంలో మళ్లీ పైకి వస్తుంది. మురుగుకాలువ పూడితే బోదె నీరు వెనక్కి తన్నుతుంది. బుడమేరు మళ్లీ వస్తే ఏ బోదే ఆపలేదు. అయినా ఆ రెండు మూరల మధ్య ఒక వేరు బతికే చోటు ఏర్పడింది.

మీలో డెల్టా పల్లెల్లో ఇళ్లున్నవారు, దూరదేశాల్లో ఉండి ఏటా ఒకసారి వచ్చేవారు, ఈసారి వచ్చినప్పుడు ఒక పని చేయండి. ఎండాకాలంలో మీ పెరట్లో మూరెడు గొయ్యి తవ్వి, ఒక పూట ఆగి చూడండి. నీరు ఊరితే, మీ చెట్లు ముసలివై పోలేదని, తెగులు పట్టి పోలేదని తెలుసుకుంటారు. ఆ తరువాత గోడ అవతలివారితో మాట్లాడండి. తగవుకు వెళ్లినట్లు కాదు. వారి చేను ఎలా పోయిందో ముందుగా అడగండి.

సీడం కుండీ ప్రస్తుతం తూర్పు అరుగు మీద ఉన్నది. ఆకులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. దాని పక్కనే అమ్మ ఒక రణపాల నాటింది, "చుట్టాలు కదా, తోడుంటారు" అని. మొన్న బోదె మట్టి తెచ్చి బావి దగ్గర ఎత్తుగా దిబ్బ పోయించి, దాని మీద మునగకొమ్మ ఒకటి గుచ్చింది. రోజూ ఉదయం వెళ్లి చూసి వస్తున్నది. నిన్నటికి రెండు చిగుళ్లు వచ్చాయి. మొదలు పట్టుకొని చూశాను. గట్టిగానే ఉన్నది.